బ్రాడ్‌చర్చ్: జో ఆ ఫోన్ ఎందుకు ఆన్ చేశాడు? (మూడు సీజన్లూ చూసినవాళ్లే లోపలికి రండి)

బీచ్‌రోడ్ వదిన:

హంతకుడి పేరు శీర్షికలోనే పెట్టేశానని తిట్టకండి. 2013లో బ్రిటన్ ఛానెల్ ఐటీవీలో వచ్చిన సీరియల్ ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా సస్పెన్స్ కాపాడే బాధ్యత నా మీద లేదు.

మా మరిదికీ నాకూ పడని పాయింట్ ఒకటుంది. మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్. హత్యకి గురైన పదకొండేళ్ల డానీ లాటిమర్ ఫోన్ అన్నాళ్లూ దొరకలేదు కదా, ఒక్కసారిగా సిగ్నల్ వస్తుంది. కేసు చూస్తున్న డిటెక్టివ్ అలెక్ హార్డీ ఆ సిగ్నల్ పట్టుకుని నడుచుకుంటూ వెళ్తాడు. గుండె జబ్బు మనిషి, అసలే ఊపిరి అందదు. సిగ్నల్ తీసుకెళ్లి తీసుకెళ్లి తన తోటి డిటెక్టివ్ ఎల్లీ మిల్లర్ ఇంటి వెనక షెడ్డులో నిలబెడుతుంది. లోపల ఎల్లీ మొగుడు జో. చేతిలో ఆ ఫోన్. దాక్కుని దాక్కుని విసిగిపోయానన్నట్టు ఒక మాటంటాడు.

మరిది మాట ఏంటంటే, జోకి మనస్సాక్షి మేలుకుంది, పట్టుబడాలనే ఆన్ చేశాడు. సరే, ఒప్పుకుందాం. అలాంటప్పుడు రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో కోర్టులో నిలబడి "నేను నేరం చెయ్యలేదు" అని ఎందుకన్నాడు? కోర్టులో అందరూ నోరు తెరిచారు ఆ క్షణంలో. కొన్ని నెలల్లోనే మనస్సాక్షి మళ్లీ నిద్రపోయిందా?

నా లెక్క వేరు. ఫోన్ ఆన్ చేసిందీ, కోర్టులో కాదన్నదీ ఒకే బుద్ధితో చేసిన పనులు. పట్టుబడితే పట్టుబడ్డాడు, కానీ తన కథ ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తానే నిర్ణయించుకోవాలి. అదీ అతని గొడవ.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎల్లీ ఎదురుగా కూర్చుని ఆ మాట తన నోటితో ముందుగా చెప్పలేదు జో. రోజూ రాత్రి ఆమె పక్కనే పడుకున్నాడు. ఆమె స్టేషన్ నుంచి అలిసిపోయి వస్తే కేసు ఎంతవరకు వచ్చిందని అడిగాడు, టీ పెట్టి ఇచ్చాడు. ఎల్లీకి చెప్పే పని చివరికి హార్డీ నెత్తిన పడింది. ఆ గదిలో ఎల్లీ కింద కూలబడి వాంతి చేసుకోబోయే దాకా మనం చూస్తాం, జో మాత్రం చూడడు. అదీ అతను ఏర్పాటు చేసుకున్న సౌకర్యం.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో కూర్చుంటాను. కిస్తీలు ఎగ్గొట్టినవాళ్లలో ఒక రకం ఉంటారు. మనం పిలవకముందే వాళ్లే వస్తారు. వచ్చి బాకీ సంగతి ఎత్తరు, ముందు తాము ఎంత మంచివాళ్లో అరగంట చెప్తారు. మేనేజర్ గదిలోకే వెళ్తామంటారు, కౌంటర్‌లో ఉన్న పరిచయస్తురాలి దగ్గర ఆగరు. జోని చూస్తే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఇంకొకటి. పశ్చాత్తాపం ఉన్నవాడైతే శవాన్ని పడవలో తీసుకెళ్లి కొండ కింద ఇసుకలో పెట్టి, పైనుంచి జారిపడినట్టు కనిపించేలా ఎందుకు సర్దుతాడు? పేపర్ షాపు ముసలాయన జాక్ మార్షల్‌ని ఊరంతా వెంటాడుతుంటే నోరెందుకు మెదపడు? ఐదో ఎపిసోడ్ చివర జాక్ శవం కూడా అదే ఒడ్డున దొరుకుతుంది. ఆ తర్వాత కూడా జో మామూలుగా చిన్నోడు ఫ్రెడ్‌ని ఎత్తుకుని తిరిగాడు.

మీరేమంటారు? "స్క్రిప్ట్‌లో అలా రాశారు కాబట్టి" అనే సమాధానం వద్దు ప్లీజ్.

రెండో షో:

వదినా, మీరు వద్దన్నదే చెప్తున్నా, ఏమనుకోకండి. స్క్రిప్ట్‌లో అలా రాశారు కాబట్టే. ఎనిమిది ఎపిసోడ్లలో హంతకుణ్ణి తేల్చాలి, హీరో నడుచుకుంటూ వెళ్లి పట్టుకోవాలి, కెమెరా వెనకాలే పోవాలి. చాలామంది నటులకే హంతకుడెవరో చెప్పకుండా షూటింగ్ చేశారట. అంత దాచినవాళ్లకి ఒక మంచి ఎంట్రీ కావాలిగా.

అయినా ఫోన్ ఆన్ చెయ్యకపోయినా దొరికిపోయేవాడే. అప్పటికే జో పెద్దకొడుకు టామ్ లాప్‌టాప్ బద్దలు కొడుతుంటే చర్చి ఫాదర్ పాల్ చూసి తీసుకొచ్చి హార్డీ చేతిలో పెట్టాడు. అందులో మెయిల్స్ ఉన్నాయి. ఒకటి రెండు రోజుల తేడా, అంతే.

బీచ్‌రోడ్ వదిన:

అదే కదా నేనూ అంటున్నది! తలుపు తట్టబోతున్నారని తెలిశాకే తీశాడు. దాన్ని మనస్సాక్షి అనరు, టైమింగ్ అంటారు.

నల్లకోటు:

నమస్కారం. నేను గుంటూరులో క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేస్తాను. రెండో సీజన్ చూసి మా ఆఫీసులో జూనియర్లందరం తెగ కొట్టుకున్నాం కాబట్టి ఒక మాట.

"నేరం చెయ్యలేదు" అనడానికి మనసు లోతుల్లోకి వెళ్లక్కర్లేదమ్మా, లెక్క చాలు. ఇంగ్లండులో హత్యకి శిక్ష ఒక్కటే, జీవితఖైదు. జడ్జికి వేరే దారి లేదు. జడ్జి తేల్చేది కనీసం ఎన్నేళ్లు లోపల ఉండాలనేదే. నేరం ఒప్పుకుంటే మామూలు కేసుల్లో మూడో వంతు దాకా తగ్గుతుంది. హత్య కేసులో మాత్రం ఆరో వంతు, అదీ అయిదేళ్లు మించకూడదు. అంటే ఒప్పుకుంటే దక్కేది కొంచెం, ఒప్పుకోకపోతే పోయేదీ కొంచెమే. జైల్లో కూర్చుని ఖాళీగా ఆలోచించే మనిషికి ఈ లెక్క అర్థమవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకో ముడి ఉంది. ఆ కనీస కాలం లెక్కపెట్టడం మామూలు హత్యకి 15 ఏళ్ల నుంచి మొదలవుతుంది. లైంగిక చర్యతో ముడిపడిన హత్యయితే 30 ఏళ్ల నుంచి. "కౌగిలించుకోవడం తప్ప నేనేమీ చెయ్యలేదు" అని జో అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు మళ్లీ చూడండి. ప్రేమ అంటాడు, తోడు అంటాడు, ఆ ఒక్క గీత మాత్రం దాటడు.

ఇక ఆ ఒప్పుకోలు సంగతి. ఎల్లీ ఇంటరాగేషన్ గదిలోకి దూసుకెళ్లి అతన్ని తన్నింది కదా. డిఫెన్స్ లాయర్ షారన్ బిషప్ దాన్నే పట్టుకుని ఒప్పుకోలు మొత్తాన్ని రికార్డు నుంచి తీయించేసింది. వాళ్లకి 1984 నాటి పోలీసు సాక్ష్యాల చట్టంలో 76వ సెక్షన్ ఉంది. ఒత్తిడి పెట్టి రాబట్టలేదని ప్రాసిక్యూషనే నిరూపించుకోవాలి. తన్నింది ఒప్పుకున్న తర్వాతే అని మనకి తెలుసు, కానీ కోర్టులో అది నిలబడలేదు. నిజమైన కోర్టులో అంత తేలిగ్గా తీసేస్తారా అని అక్కడి లాయర్లే అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. నాకూ అదే అనుమానం. ఇంటర్వ్యూలు టేపు చేసే దేశం అది.

మన దగ్గరయితే ఈ సీనే ఉండదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో పనికిరాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. నిందితుడు చెప్పగా ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకే తీసుకుంటారు. ఎల్లీ తన్నినా తన్నకపోయినా ఆ కాగితం చెత్తబుట్టకే.

మూడో బెంచి:

నేను నల్లగొండ జిల్లాలో జడ్పీ హైస్కూల్లో పనిచేస్తాను. ఆరో తరగతి పిల్లలు సరిగ్గా డానీ వయసు. అందుకని మీ చర్చలో నాకొక లోటు కనిపిస్తోంది. అందరూ జో గురించే మాట్లాడుతున్నారు, ఆ పిల్లవాడు ఎందుకు వెళ్లాడు, ఎందుకు మానెయ్యాలనుకున్నాడు అన్నది ఎవరూ ముట్టుకోలేదు.

తండ్రి మార్క్ ఒకసారి కొట్టాడు, పెదవి చిట్లింది.  ఆ బాధ వెళ్లి చెప్పుకున్నది జో దగ్గర. అక్కణ్ణుంచి వరస చూడండి. ముందు ఓదార్పు. తర్వాత ఎవరికీ చెప్పొద్దన్న ఒప్పందం. తర్వాత 500 పౌండ్లు, విడిగా ఒక ఫోన్. కొండ మీద గుడిసె. ప్రతి మెట్టూ విడిగా చూస్తే మంచితనంలాగే ఉంటుంది. డానీ తన ప్రాణ స్నేహితుడు టామ్‌తో గొడవ పెట్టుకుని, నీకన్నా మంచి స్నేహితుడు దొరికాడని అంటాడు. ఆ స్నేహితుడు టామ్ సొంత తండ్రే. ఈ ఒక్క విషయం చాలు నాకు. పిల్లవాణ్ణి తోటి పిల్లల నుంచి వేరు చెయ్యడం జరిగిపోయింది, ఎవరూ గమనించలేదు.

మా దగ్గర శిక్షణలో చెప్పేదీ ఇదే. చేయి వేశాడా లేదా అని కాదు, ముందు రహస్యం ఎవరు పెట్టించారో చూడమంటారు. పెద్దవాడు పిల్లవాడితో "మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నాడంటే అక్కడే అడ్డుపడాలి. కాబట్టి జో నోటి నుంచి "ప్రేమ" అనే మాట వచ్చినప్పుడు రచయిత నమ్మాడని నేననుకోను. జో నమ్మాడు. హార్డీ ముఖం చూస్తే హార్డీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

డానీ చివరిరాత్రి ఆపేద్దాం అన్నాడు, చెప్పేస్తానన్నాడు. ఆ పదకొండేళ్ల బుర్రకి అంతా సరిగ్గానే అర్థమైంది. చంపడానికి కారణం అదే. ఇందులో ఇంకే మిస్టరీ లేదు.

ఒక ప్రశ్న మాత్రం మీకు. రెండో సీజన్‌లో డానీ తండ్రి మార్క్ కూడా టామ్‌ని రహస్యంగా కారవాన్‌లో కలుస్తుంటాడు, ఇద్దరూ వీడియో గేములు ఆడుకుంటారు. భార్యకి చెప్పడు, ఎల్లీకి చెప్పడు. నాకు ఒళ్లు జలదరించింది. మార్క్ ఏమనుకుని చేశాడు ఆ పని?

బీచ్‌రోడ్ వదిన:

మాస్టారూ, మీరు డానీ వైపు నుంచి చెప్పింది బాగుంది. రెండో ఫోన్, డబ్బు అన్నీ నాకు గుర్తే కానీ ఇలా వరసలో పెట్టి చూడలేదు.

మార్క్ సంగతి. నాకనిపించేది, కొడుకు పోయిన తర్వాత కొడుకు వయసు పిల్లవాడు కావాల్సొచ్చింది అతనికి. భార్య బెత్ కడుపుతో ఉంది, ఇంట్లో ఏ మాటెత్తినా గొడవే. టామ్‌కి కూడా తండ్రి జైల్లో, తల్లి మీద కోపం, పిన్ని ఇంట్లో ఉంటున్నాడు. ఇద్దరికీ ఒకరికొకరు దొరికారు. అందులో చెడు లేదు. కానీ సీరియల్ తీసినవాళ్లు కావాలనే జో చేసిన పనికి అచ్చు పోసినట్టు పెట్టారు. రహస్యం, ఊరికి దూరంగా ఒక గది, స్నేహితుడి తండ్రి. డిఫెన్స్ వాళ్లు దాన్నే కోర్టులో అటు తిప్పి ఇటు తిప్పి మార్క్ మీద అనుమానం వచ్చేలా చేస్తారు. మనం సోఫాలో కూర్చుని "మార్క్ మంచోడు" అని నమ్ముతున్నామంటే, మొదటి సీజన్‌లో జోని కూడా అలాగే నమ్మాం కదా. నాకు రెండో సీజన్ మొత్తంలో నచ్చింది ఈ ముక్క ఒక్కటే. హార్డీ పాత కేసు శాండ్‌బ్రూక్ గోల లేకపోయినా నష్టం లేదు.

లాయర్ గారూ, మీ 15, 30 ఏళ్ల లెక్కతో నాకు పేచీ ఉంది. లెక్క మాత్రమే అయితే జో మౌనంగా కూర్చునేవాడు. అతను జైల్లో కలిసినవాళ్లతో ఇక్కడ ఎవరూ శుద్ధపూసలు కాదు, అందరికీ రహస్యాలున్నాయి అన్నట్టు మాట్లాడతాడు. కేసు నడిచినన్నాళ్లూ బయటపడ్డవి ఊళ్లోవాళ్ల బండారాలే. మార్క్‌కి హోటల్ యజమానురాలు బెకాతో ఉన్న సంబంధం కోర్టులో నలిగింది. హార్డీకీ ఎల్లీకీ మధ్య ఏదో ఉందని కూడా అంటగట్టారు. ఆఖరికి డానీ శవాన్ని మళ్లీ తవ్వి తీశారు! సమాధి చుట్టూ పోలీసులు నిలబడ్డ ఆ సీను మా అత్తగారు చూడలేక లేచి వెళ్లిపోయింది. ఇదంతా ఏళ్లు తగ్గించుకునే లెక్కేనా? నాకైతే, నన్నొక్కణ్ణే ఎందుకు అంటారు అనే కసి కనిపించింది.

గోంగూర గ్యాంగ్:

ఎవరూ ఎల్లీ గురించి అనడం లేదు కాబట్టి నేనంటాను. డిటెక్టివ్ అయ్యుండి సొంత ఇంట్లో ఏం జరుగుతుందో తెలియకపోవడం నమ్మశక్యంగా లేదు. తెలిసి కళ్లు మూసుకుందని నా అనుమానం.

బీచ్‌రోడ్ వదిన:

ఈ ముక్క ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తూనే ఉన్నా.

ఏడో ఎపిసోడ్ గుర్తుందా? సూజన్ రైట్ తన భర్త కూతుళ్లని ఏం చేశాడో చెప్తుంది. కుక్క విన్స్‌ని వెంటేసుకుని తిరిగే ఆ మొరటు మనిషి, మొదటిసారి గొంతు వణుకుతూ చెప్తుంది. ఎల్లీ ఆమెని అడుగుతుంది, మీ ఇంట్లోనే జరుగుతుంటే మీకు తెలియకుండా ఎలా ఉంటుందని. గోంగూర గారూ, అచ్చం మీరు అడిగినట్టే. తర్వాతి ఎపిసోడ్‌లో బెత్ అదే మాట ఎల్లీని అడుగుతుంది. సీరియల్ మొత్తం ఆ రెండు సీన్ల కోసమే రాశారని నా అనుమానం.

ఎల్లీకి ఎందుకు తెలియలేదంటే, జో ఇంటి పని చేసే మగాడు. ఆవిడ ఉద్యోగానికెళ్తే పిల్లాడికి అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది అతనే. మొగుడు గిన్నె కడిగితే చాలు దేవుడనుకుంటాం మనం, అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్లోరిడా సెలవుల నుంచి అందరికీ కానుకలు పట్టుకుని ఆఫీసుకొస్తే, తనకి రావలసిన ప్రమోషన్ హార్డీకి ఇచ్చేశారని తెలుస్తుంది మొదటిరోజే. ఆమె చూపంతా స్టేషన్ మీదే. ఇంటి మీద నమ్మకం ఉంది కాబట్టే అంత ధైర్యంగా బయట చూడగలిగింది.

రెండో షో:

ఇంతకీ ఎవరైనా అమెరికా వెర్షన్ చూశారా? గ్రేస్‌పాయింట్, 2014, ఫాక్స్ ఛానెల్, 10 ఎపిసోడ్లు. డేవిడ్ టెన్నంటే మళ్లీ డిటెక్టివ్, యాస ఒక్కటే మార్చాడు. అక్కడ డానీ చచ్చిపోయేది టామ్ చేతిలో, అదీ పొరపాటున. జో కొడుకుని కాపాడ్డానికి నేరం తన మీద వేసుకుంటాడు. వదినా, అక్కడ మాత్రం మీ మరిది గెలిచాడు.

బీచ్‌రోడ్ వదిన:

చూశా. కొడుకు కోసం అబద్ధమాడే తండ్రి మనకి కొత్తా? ఏ భాషలో తీసినా కన్నీళ్లొస్తాయి. అందుకే అది చప్పగా తేలిపోయింది. జో అక్కడ మనకి అర్థమయ్యే మనిషైపోయాడు. ఇంగ్లీషువాళ్ల జో ఇప్పటికీ నాకు సగమే అర్థమయ్యాడు, అందుకే ఇక్కడ ఇంత పెద్ద పోస్టు రాసుకున్నా.

మూడో బెంచి:

లాయర్ గారికి ఒక ప్రశ్న. జ్యూరీ జోని నిర్దోషి అనేసింది. ఊరివాళ్లు అదే గుడిసెకి లాక్కెళ్లి, ఊరొదిలి పొమ్మని వెళ్లగొట్టారు. మూడో సీజన్‌లో మార్క్ లివర్‌పూల్ దాకా వెళ్లి పట్టుకుంటాడు, నిలదీస్తాడు, ఏమీ చెయ్యలేక తిరిగొస్తాడు. మళ్లీ కేసు పెట్టే దారే లేదా?

నల్లకోటు:

ఉంది. 2003లో వాళ్లు చట్టం మార్చారు. హత్యలాంటి పెద్ద నేరాల్లో కొత్తగా, బలమైన సాక్ష్యం దొరికితే అప్పీలు కోర్టు అనుమతితో నిర్దోషిగా తేలినవాణ్ణి కూడా మళ్లీ విచారించొచ్చు. లండన్‌లో జరిగిన స్టీఫెన్ లారెన్స్ హత్య కేసులో అలాగే జరిగింది. 1996లో నిర్దోషిగా బయటపడ్డ గ్యారీ డాబ్సన్‌కి 2012 జనవరిలో శిక్ష పడింది, బట్టల మీద దొరికిన కొత్త ఆనవాళ్లతో. మన దగ్గర ఈ దారి లేదు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 300వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 337వ సెక్షన్ అడ్డం వస్తుంది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్లడం వేరే సంగతి.

కాబట్టి లివర్‌పూల్‌లో మార్క్ కోపంతో కాకుండా జేబులో ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసుకుని వెళ్లి ఉంటే, జో నోరు జారి ఉంటే, కనీసం పోలీసుల దగ్గరికి తీసుకెళ్లడానికి ఒక ముక్క దొరికేది. కోర్టు తీసుకుంటుందా లేదా అన్నది తర్వాత. నేను ఆ ఎపిసోడ్ చూస్తూ టీవీ ముందు "రికార్డు చెయ్యరా బాబూ" అని అరిచాను. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పంపేసింది.

బీచ్‌రోడ్ వదిన:

అయ్యో, ఇది తెలిస్తే మా మరిది ఇంకో వారం బుర్ర తింటాడు. సార్, ఇంకొక్కటి చెప్పండి. షెడ్డులో జో చేతిలో హార్డీ చూసిన ఆ డానీ ఫోన్ ఉంది కదా, ఒప్పుకోలు కొట్టేసినా అదైనా సాక్ష్యంగా నిలబడాలిగా? మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ ఈ రాత్రికి మళ్లీ పెడుతున్నా, మీరు రాసే లోపు షెడ్డు సీన్ వచ్చేలా ఉంది.